వేరే పొయ్యి

గద్వాల నేతవీధిలో మగ్గం ఒక్కరితో నడవదు. చీర నడుమ నూలు, రెండు అంచులకూ పట్టు. నూలు పోగు అంచు దాకా పరుగెత్తి, అక్కడ పట్టు పోగును మెలివేసుకుని వెనక్కి తిరగాలి. దానికి పోగు మోసే నాడెలు మూడు కావాలి, నాలుగు చేతులు కావాలి. అందుకే ప్రతి మగ్గం గుంటలోనూ ఇద్దరు పక్కపక్కన కాళ్లు దించుకుని కూర్చుంటారు. మొగుడూ పెళ్లాలో, అన్నదమ్ములో, తండ్రీ కొడుకులో. ఒకరు విసిరిన నాడెను ఒకరు అందుకుంటారు. పొద్దున్నే ఆ వీధిలో నడిచిపోతే ఇంటింటి నుంచీ జంట చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విని ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవో, ఏ ఇంట్లో కొత్తకోడలికి అప్పుడే చేయి కుదిరిందో చెప్పగల ముసలమ్మలు ఆ వీధిలో ఇద్దరు ముగ్గురున్నారు.

నాలుగు నెలలుగా బాలకిష్టయ్య ఇంట్లోంచి మాత్రం ఒంటి చప్పుడు వస్తోంది.

జర్మనీవాడితో లడాయి మొదలైందనీ, నూలు ఇక దొరకదనీ అంగళ్లలో చెప్పుకుంటున్న ఏడాది అది. చీర నేయడానికి రెండో మనిషి లేక బాలకిష్టయ్య తువ్వాళ్లు నేస్తున్నాడు. తువ్వాలకు ఒక్క నాడె చాలు. పడుగు వెడల్పు తక్కువ, మగ్గం నడుమ వేసుకుని దర్జాగా కూర్చోవచ్చు. అతను మాత్రం అలవాటు కొద్దీ కుడిపక్కకే వేసుకున్నాడు. ఎడమపక్క రాజేశ్వరి చోటు. మొదట్లో ఆ చోట నూలు చుట్టిన కండెల బుట్ట పెట్టుకున్నాడు. రెండు రోజులకే తీసేశాడు. బుట్ట అక్కడుంటే ఎవరో అలిగి మాట్లాడకుండా కూర్చున్నట్టుంది. తీసేస్తే ఎవరూ లేనట్టుంది. రెండింటిలో ఇదే నయమనిపించింది.

రాజేశ్వరి వీపనగండ్లలో పుట్టింట్లో ఉంది. ఆమెను వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయాడు, బాలకిష్టయ్య కృష్ణలో బాప్తిస్మం తీసుకున్న మూడో రోజున.

నిరుడు అతనికి జ్వరం పట్టి నెల దాకా వదలలేదు. అన్న శంకరయ్యే బండి కట్టించి మిషను దవాఖానకు తీసుకుపోయాడు. "నేనే తీస్కపోతి. నా చేతులతోనే బండి ఎక్కిస్తి," అని శంకరయ్య ఇప్పటికీ తల కొట్టుకుంటాడు. ఆ దవాఖానలో సాయంత్రం పూట ఒక కాంపౌండరు రోగుల మంచాల మధ్య స్టూలు వేసుకుని యేసు కథల చిన్న పుస్తకం చదివేవాడు. బాలకిష్టయ్య మొదట పొద్దుపోక విన్నాడు. ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠురోగిని చేయి చాచి ముట్టిన ఒకాయన సంగతి ఒకరోజు విన్నాడు. ఆ రాత్రి జ్వరం తగ్గిందో లేదో గుర్తులేదు గానీ, ఆ చేయి మాత్రం అతని మనసులోంచి పోలేదు. ఇంటికి వచ్చాక కూడా పోలేదు. ఎండాకాలం వచ్చేసరికి కృష్ణలోకి దిగాడు.

నేతవీధిలో ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. పిలవడం మానేశారు, అంతే. అతను బావికి నీళ్లకు వస్తే ఆడవాళ్లు చేదతాడు పైకి లాగి పక్కన పెట్టుకునేవాళ్లు. అతనే దూరపు బావికి పోవడం మొదలుపెట్టాడు. తువ్వాళ్లు కొనుక్కుపోయే నబీ సాబ్ ఒక్కడే గడప దగ్గర ఆగి నాలుగు మాటలు మాట్లాడేవాడు.

"అందరు పేరు మారుస్తరట గద మీ దాంట్ల. నువ్వు మార్సుకోలే?" అని అడిగాడొకసారి.

"పిలిసేటోళ్లే లేనప్పుడు ఏ పేరైతే ఏంది సాబ్."

నబీ సాబ్ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగి, ఆ రోజు రెండు తువ్వాళ్లు ఎక్కువ కొన్నాడు.

నాగర్‌కర్నూలు మిషను సభలకు బాలకిష్టయ్య ఒకసారి పోయాడు. మన బతుకు దేవునికి మహిమ తేవాలని అక్కడి పాస్టరు అయ్యగారు చెప్పారు. తర్వాత ఒక్కొక్కరూ లేచి తమ బతుకు ఎలా మారిందో చెప్పారు. ఒకాయన తాగుడు మానాడట. ఒకాయన పెళ్లాన్ని కొట్టడం మానాడట. ఆ పెళ్లాం పక్కనే కూర్చుని అవునవునని తల ఊపింది. బాలకిష్టయ్య తన సంగతి ఆలోచించుకున్నాడు. తాగుడు లేదు. కొట్టడం లేదు. యేసును నమ్మడానికి ముందు ఇంట్లో పెళ్లాం ఉంది, నమ్మాక లేదు. మారింది అదొక్కటే. అది లేచి చెబితే దేవునికి మహిమ ఎక్కడిది? చాప అంచు గిల్లుతూ కూర్చుని, ఎవరూ తనవైపు చూడకపోతే బాగుండుననుకున్నాడు.

ఇక మిగిలినవి ఆదివారాలు. ఆ ఒక్క రోజు కోసం ఆరు రోజులు నేసేవాడు. పొద్దటి రైలుబండికి ఇటిక్యాల పోయి, అక్కడినుంచి చేలగట్ల మీద కోసెడు దూరం నడవాలి. జొన్నచేల మీద మంచు ఆరుతుంటే వచ్చే పచ్చి వాసన, చెప్పులు చేత పట్టుకుని దాటాల్సిన చిన్న వాగు, వాగులో కాళ్లకు తగిలే పరక చేపలు. అవి దాటాక ఒక వాడ. ఊరికి అవతల, చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టి బతికేవాళ్ల వాడ. పదకొండు ఇళ్లవాళ్లూ యేసును నమ్మినవాళ్లే. ప్రార్థన గుడిసె ముందు గంటకు బదులు రైలుపట్టా ముక్క వేలాడుతుంది. దాన్ని సుత్తెతో కొట్టే కురుమయ్యే ఆ సంఘానికి పెద్ద. బాలకిష్టయ్య బాప్తిస్మం తీసుకున్న రోజున కురుమయ్య కూడా ఆ నీళ్లలోనే ఉన్నాడు. పైకి వస్తుంటే తన తడి పంచె ఎక్కడ ఇతనికి తగులుతుందోనని నాలుగడుగులు పక్కకు జరిగాడు.

మొదటిసారి బాలకిష్టయ్య ఆ వాడకు పోయినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. అతనికి కొత్త చాప వేశారు. చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. ప్రార్థన అయ్యాక అన్ని ఇళ్ల కుండలూ గుడిసె ముందుకు వచ్చాయి. అందరూ వరసగా కూర్చుని కలిసి తినడం ఆ వాడలో ఆదివారపు ఆనవాయితీ. బాలకిష్టయ్యకు మాత్రం ముప్ఫై అడుగుల దూరాన వేపచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి సిద్ధంగా ఉంది. పక్కన కొత్త కుండ. చాటలో బియ్యం, గుప్పెడు పప్పు, రెండు మిరపకాయలు, చింతపండు, ఉప్పు. పెద్దకులపు మనిషి తమ వాడకు వస్తే పచ్చి సామానిచ్చి వండుకోమనడం వాళ్లెరిగిన మర్యాద. కురుమయ్య భార్య అమృతమ్మ ఆ కుండను ఇంకెవరూ ముట్టకుండా ఉట్టి మీద దాచేది. నెలకోసారి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు కూడా, అందరూ తాగాల్సిన ద్రాక్షరసం గిన్నె మొదట బాలకిష్టయ్య దగ్గరికే వచ్చేది, ఎవరి పెదవీ తగలకముందు.

నిజం చెప్పాలంటే మొదట్లో అతనికి అది హాయిగానే ఉంది. యేసును నమ్మాడు గానీ నాలుకా కడుపూ ఇంకా నేతవీధిలోనే ఉన్నాయి. వారాలు గడిచినకొద్దీ ఆ ముప్ఫై అడుగులు బరువయ్యాయి. అటు గలగలమని నవ్వులు, పిల్లల పోట్లాటలు, ఇంకొంచెం వేసుకొమ్మని బతిమాలే గొంతులు. ఇటు తను, తన కుండ, పొగ. ఒకసారి వాళ్లందరూ దేనికో పడిపడి నవ్వుతుంటే సంగతి తెలియకుండానే తనూ నవ్వాడు. నవ్వి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి, పొయ్యిలోకి ఊదాడు.

ఇలా ఉండగా ఒక గురువారం మధ్యాహ్నం శంకరయ్య గడప దగ్గరికి వచ్చాడు. నాలుగు నెలల్లో అన్న తన ఇంటి ముందు నిలబడటం అదే మొదలు. బాలకిష్టయ్య నాడె వదిలి లేచాడు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. నువ్వు అబద్ధమాడవని వీధంత ఎరుకే. ఆ వాడల తిన్నవా?"

"తినలే."

"వాళ్లు వండింది?"

"ముట్టలే. నాకు వేరే పొయ్యి పెడ్తరు."

"నీళ్లన్న తాగినవా?"

"వాగు ఇసుకల చెలిమె తోడుకొని తాగిన."

శంకరయ్య అరుగు మీద కూలబడి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "మరి ఇన్ని దినాలు ఈ మాట చెప్పవేందిరా?"

"ఎవరు అడగలే గదనే."

అన్న కోపంగా చూశాడు గానీ ఆ కోపంలో పాత అన్న ఉన్నాడు. "సూడు. కులపెద్ద వెంకటన్నతోని మాట్లాడిన. నీ యేసును నువ్వు మొక్కుకో, ఎవరొద్దంటరు? మనోళ్లల్ల ఒకడు తిరుపతి వెంకన్నను మొక్కుతడు, ఇంకొకడు మల్లన్నను మొక్కుతడు. వాళ్ల కూడు తినుడొక్కటే కుదరదు. సోమవారం పదిమందిల నిలవడి, వాళ్ల కూడు తినలేదని ఉన్నమాట చెప్పు. కులంల ఉంటవ్. మీ మామ రాజేశ్వరిని తోల్కొస్తుండు. ఆ దినమే మగ్గమెక్కుతది."

"ఆమె వస్తనన్నదా?"

"ఆమె మొదటి సంది వస్తనే అంటుంది. పంపనిది మీ మామ."

శంకరయ్య వెళ్లాక బాలకిష్టయ్య ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. ఒక్క అబద్ధం అక్కర్లేదు. యేసును వదులుకోనక్కర్లేదు. ఉన్నమాట చెబితే చాలు. దేవుడే దారి తీశాడనుకున్నాడు. శుక్రవారం గోడలకు సున్నం వేశాడు. మగ్గం గుంట చిమ్మాడు, రాజేశ్వరి కూర్చునే చోట కొత్త గోనెపట్టా నాలుగు మడతలు వేసి పరిచాడు. శనివారం రెండు నాడెలకు సరిపడా పట్టు కండెలు చుట్టి వరసగా పేర్చాడు. ఒకటి చిలకపచ్చ, ఒకటి కుంకుమరంగు. కిటికీలోంచి పడిన ఎండలో ఆ రెండు రంగులూ పక్కపక్కన మెరుస్తుంటే పని ఆపి చాలాసేపు చూశాడు.

ఆదివారం ప్రార్థనలో, ఏమైనా విన్నపాలుంటే చెప్పమని కురుమయ్య అడిగినప్పుడు బాలకిష్టయ్య మొదటిసారి నోరు విప్పాడు. రేపు పంచాయితీ ఉందనీ, తినలేదని చెబితే భార్య తిరిగి వస్తుందనీ చెప్పాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. కురుమయ్య మోకాళ్ల మీద పడి, "తండ్రీ, ఈ అయ్య ఇంట్ల దీపం పెట్టు," అని ప్రార్థించాడు.

ప్రార్థన అయ్యాక వేపచెట్టు కిందికి పోయాడు. అమృతమ్మ ఉట్టి మీది కుండ తెచ్చి పెట్టి, బియ్యం చాట దూరంగా ఉంచి వెనక్కి తిరిగింది. ఆమె వెంట ఐదేళ్ల మనవరాలు నడుస్తోంది. నడవడం అనకూడదు, నాయనమ్మ చీర పట్టుకుని కాళ్లు ఈడుస్తోంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"పిల్లకేమైంది?"

"నాలుగు దినాల సంది జరమయ్యా. ఇయ్యాలనే తగ్గింది. నోటికి ఏం పడ్తలేదు."

పిల్ల చాటలోని బియ్యం వైపు చూపించింది. "నాకు గంజి," అంది మెల్లగా.

అమృతమ్మ దాని చేయి గుంజింది. "నోరుమూసుకో. అవి అయ్య బియ్యం." బాలకిష్టయ్య వైపు తిరిగి, తప్పు చేసినట్టు నవ్వింది. "పిల్ల గద అయ్యా. నిన్నటి సంది గిదే పాట."

"నిన్నటి సంది అడుగుతుందా? మరి పొయ్యకపోతివా?"

"మేం జొన్నలు తినేటోళ్లం. బియ్యమెక్కడియి మాకు? వారమంత ఇంటికొక పిడికెడు జమచేస్తే మీకు ఒక్కపూటకు అయితయి. అండ్లకెంచి తీస్తే మీకేం పెట్టాలె?"

ఆమె మామూలుగానే చెప్పింది. దెప్పుదామని చెప్పలేదు. బాలకిష్టయ్య చాటలోకి చూశాడు. నాలుగు నెలలుగా ఆ బియ్యం ఎక్కడివని ఒక్కసారి అడగలేదు. పిడికెడు పిడికెడు చొప్పున పదకొండు ఇళ్ల నోళ్లలోంచి వచ్చిన బియ్యాన్ని ప్రతి ఆదివారం ఇక్కడ ఒంటరిగా కూర్చుని, పాపం తనకెవరూ లేరనుకుంటూ తిన్నాడు.

"ఈ బియ్యమంత తీస్కపో. గంజి కాచి పొయ్యి పిల్లకు."

"మరి మీరు?"

"నాకు ఆకలిగ లేదు."

ఆకలిగా ఉంది. కానీ ఒక్కపూట పస్తుంటే ఏమీ పోదు. పిల్లకు గంజి దొరుకుతుంది, రేపు చెప్పాల్సిన మాట చెక్కు చెదరదు. అమృతమ్మ ఎంతో బతిమాలించుకుని చాట తీసుకుపోయింది. అతను చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఇవాళ తన పొయ్యి వెలగలేదు గనుక పొగ కూడా తోడు లేదు.

కాసేపటికి అటు ఏదో తేడా కనిపించింది. అందరూ వరసగా కూర్చున్నారు, ముందు తలెలు ఉన్నాయి, వడ్డించడమూ అయింది. కానీ ఎవరూ తినడం లేదు. ఒక పిల్లవాడు ముద్ద తీయబోతే తల్లి చేతి మీద కొట్టింది. వాడు ఏడుపు అందుకున్నాడు. ఇంకో ఇద్దరు వాడికి వంత కలిపారు.

"తినుండ్రి, తినుండ్రి," అని బాలకిష్టయ్య చెట్టు కిందినుంచే చేయి ఊపాడు.

కురుమయ్య లేచి నిలబడ్డాడు. "మీరు పస్తుంటే మేమెట్ల తింటమయ్యా. వాడకొచ్చిన మనిషి తినకుండ మా నోట్లకు ముద్ద పోదు. మీరు జర ఆగుండ్రి, ఏమన్న తేవనీకె ఊర్లెకు మనిషిని తోలిన."

ఊరు ఎంత దూరమో, అక్కడ ఎవరు వీళ్లకు ఏమిస్తారో బాలకిష్టయ్యకు తెలుసు. పిల్లల ఏడుపు పెరిగింది. అతను చెట్టు మొదలును చూశాడు, వెలగని పొయ్యిని చూశాడు. రాజేశ్వరి ఈపాటికి వీపనగండ్ల నుంచి బయలుదేరి ఉంటుంది. బండిలో కూర్చుని, ఏటి దగ్గర దిగి కాళ్లు తడుపుకుని ఉంటుంది. ఒక్క రోజు. రేపు ఈ వేళకు అంతా అయిపోతుంది.

లేచాడు. ఆ ముప్ఫై అడుగులూ నడిచాడు. అతను వస్తుంటే వరసలోని వాళ్లు జరిగి దారి ఇవ్వబోయారు. అతను వాళ్లిచ్చిన దారిన పోలేదు. కురుమయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమృతమ్మా, నాకు గూడ పెట్టు."

గరిటె పట్టుకున్న అమృతమ్మ కదల్లేదు. కురుమయ్యే మాట్లాడాడు, గొంతు తగ్గించి. "అయ్యా, రేపు పంచాయితి అంటిరి గద. ఒక్క దినం ఆగుండ్రి. అమ్మ ఇంటికొచ్చినంక తిందురు. మేమేడికి పోతం?"

"ఆమె వచ్చినంక నేను తినను కురుమన్నా. నా సంగతి నాకెరుకే. వేరే పొయ్యి కాడనే కూసుంట, సచ్చేదాక."

'అన్నా' అన్న మాటకు కురుమయ్య తల వంచుకున్నాడు. అమృతమ్మ భర్త వైపు చూసింది, గుడిసె వైపు చూసింది, తర్వాత తలె తెచ్చి జొన్నగట్క పెట్టి పచ్చిపులుసు పోసింది. పులుసు కొంచెం తొణికి అతని మోకాలి మీద పడింది. బాలకిష్టయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. వేడిగా, పుల్లగా, ఉల్లిగడ్డ కరకరమంటూ ఉంది. కారం నషాళానికెక్కి పొరపోయింది. పక్కనుంచి కురుమయ్య చేయి లేచి, అతని నెత్తిమీద తట్టబోయి, గాలిలోనే ఆగింది. బాలకిష్టయ్య దగ్గుతూనే తల అటు వంచాడు. అప్పుడు ఆ చేయి తట్టింది.

సోమవారం పొద్దున నేతవీధిలో మగ్గాలు ఆగాయి. శంకరయ్య ఇంటి ముందు జంబుఖానా వేశారు. ముందురోజు సాయంత్రమే రాజేశ్వరి వచ్చింది. పంచాయితీ కాకముందు మొగుడి ఇంటికి పోకూడదని శంకరయ్య ఇంట్లో ఉంచారు. తలుపు చాటున ఆమె చీర అంచు బాలకిష్టయ్యకు కనిపించింది.

వెంకటన్న మెత్తని మనిషి. త్వరగా ముగించి అందరినీ పనికి పంపుదామన్నట్టు మొదలుపెట్టాడు. "బాలకిష్టా, మీ అన్న అంత చెప్పిండు. ఉన్నమాట నీ నోటితోని ఒక్కపారి చెప్పు, అయిపోతది. వాళ్ల కూడు తిన్నవా?"

"తిన్న."

శంకరయ్య గబుక్కున లేచాడు. "ఏందిరా? మొన్న గురువారం తినలే అంటివి గద?"

"గురువారం దాక తినలే అన్నా. నిన్న తిన్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. "నాలుగు నెల్లు ఆగి, పంచాయితి ముందు దినం తింటివా? ముహూర్తం మంచిగ సూసుకున్నవ్ పో," అన్నారొకరు. శంకరయ్య మాత్రం నవ్వలేదు. "ఒక్క దినం ఆగితే నీ సొమ్మేం పోతుండెరా," అంటూ అరుగు మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

వెంకటన్న చేయెత్తి నవ్వులు ఆపాడు. "ఎందుకు తిన్నవో చెప్పు. ఎవరన్న బలిమి చేసిండ్రా?"

బాలకిష్టయ్య బియ్యం సంగతి చెప్పాలనుకున్నాడు, పిల్ల జ్వరం సంగతి, పిడికెళ్ల సంగతి. "నేను తినేదాక వాళ్లు తినలే. పిల్లలు ఆకలితోని ఏడుస్తుండిరి," అన్నాడు.

"గంతేనా? యేసు వచ్చి చెప్పిండనో, కల పడ్డదనో చెప్తవనుకుంటి."

"గంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటన్న చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. నలభై ఏళ్లు నాడె విసిరిన చేతులు. ఇకముందు తిననని అయినా మాటిస్తావా అని అడిగాడు. బాలకిష్టయ్య తల అడ్డంగా ఊపాడు. "గట్లయితే నా చేతుల ఏం లేదు బిడ్డా. ఇయ్యాల్టి సంది ఈ వీధిల నీ పడుగు సాగదు. నీ మగ్గం మీద మనోళ్లెవరు కూసోరు," అని వెంకటన్న లేచాడు. లేచేటప్పుడు ఎప్పటిలా అందరికంటే ముందు పోలేదు. తడబడి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

వీధిలో మళ్లీ మగ్గాలు మొదలయ్యేసరికి శంకరయ్య ఇంటి ముందు వీపనగండ్ల బండి నిలబడి ఉంది. మామ ఎద్దుల మెడలు సవరిస్తూ కావాలనే అటు తిరిగాడు. రాజేశ్వరి మూట చంకన పెట్టుకుని చక్రం పక్కన నిలబడింది. నాలుగు నెలల్లో చిక్కిపోయింది.

"ఇన్నవా?" అన్నాడు బాలకిష్టయ్య.

"తలుపు సందుకెంచి ఇన్న." ఆమె నేల చూపులు చూస్తూ మాట్లాడింది. "నిన్ను అబద్ధమాడుమని ఎవరు అడగలే. నిజమే చెప్పుమన్నరు. ఉన్న నిజాన్ని పోయి చెడగొట్టుకొస్తివి."

"ఔ."

"నేనొస్తున్నని ఎరుకే గద."

"ఎరుకే. ఇంటికి సున్నం గూడ ఏసిన."

"కనవడ్డది." ఇటుపక్క నాలుగిళ్ల అవతల తెల్లగా మెరుస్తున్న గోడ వైపు ఆమె ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "నాకు భయమయితుందయ్యా. పెండ్లి గాని చెల్లెండ్లు ఇద్దరున్నరు. నాయిన మొఖం చూడలేకుంటున్న."

"నాకు గూడ భయమే."

వెళ్లవద్దని అనాలనిపించింది అతనికి. అంటే ఆమె ఉండిపోతుందేమోననీ, ఉండిపోయి నాయనను ముంచానని జీవితమంతా ఏడుస్తుందేమోననీ అనలేకపోయాడు.

"ఏం పెట్టిండ్రు?" అని రాజేశ్వరి ఉన్నట్టుండి అడిగింది.

"జొన్నగట్క. పచ్చిపులుసు."

"ఎవరు పెట్టిండ్రు?"

"అమృతమ్మని. పెద్దామె."

"మంచిగ పెట్టిందా? ఇసిరేసినట్ల కాకుండ?"

"కొసరి కొసరి పెట్టింది. పులుసుల కారమే జర ఎక్కువుండె."

మామ దగ్గాడు. "ఎండెక్కుతుంది బిడ్డా."

రాజేశ్వరి బండెక్కి, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎద్దులు కదిలాయి. బాలకిష్టయ్య చక్రం వెంట నడిచాడు.

"వచ్చే ఆదివారం మళ్ల తింటవా?"

"తింట."

బండి వీధి మలుపు దాకా వచ్చింది. అక్కడ తల బయటికి వంచి, వాళ్ల నాయన వినకుండా, "కారం తక్కువేయుమని చెప్పు ఆమెకు. నీ కడుపుకు పడదు," అంది.

బండి రైలుగేటు వైపు తిరిగి దుమ్ములో కలిసింది. బాలకిష్టయ్య మలుపు దగ్గర కొంతసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. ఆమె అన్న మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. వీధి పొడుగునా మగ్గాలు జంటగా ఆడుతున్నాయి. ఏ గడపలోనూ తలెత్తి చూసినవాళ్లు లేరు. ఇంట్లోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"తండ్రీ, కారం తక్కువేయుమని చెప్పుమన్నది," అన్నాడు.

ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ చెబుతూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు.